ఆశ్రయం కోరి వచ్చినవారికి సాయం చేసే జట్టును ఎవరు నడపాలి?

అమలాపురం నుంచి ఒక లా విద్యార్థిని అడిగిన ప్రశ్న సారాంశం ఇది. తాను ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నారు, స్నేహితురాలు కాకినాడలో నర్సు. సొంత దేశంలో ప్రాణభయంతో పారిపోయి వచ్చి ఆశ్రయం కోరేవారికి తిండి, వైద్యం, న్యాయసాయం అందించే పనిలోకి ఇద్దరూ వెళ్లాలనుకుంటున్నారు. అలాంటి జట్లను ముందుండి నడిపేది లాయరా, డాక్టరా, సహాయ సంస్థ మనిషా? కోనసీమలో ఉంటూ ఈ పనికి ఎలా సిద్ధం కావాలి? దీనిమీద బతకగలమా?

ఢిల్లీలో చాలా ఏళ్లు శరణార్థుల కేసులు చూసి, ఇప్పుడు రాజమహేంద్రవరంలో ప్రాక్టీసు చేసుకుంటున్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఏ చదువు చదివినవారైనా నడపవచ్చు. వచ్చిన మనిషి తన కథ మొత్తం ఒక్కసారి చెప్పుకుంటే చాలు అనేలా తిండి, వైద్యం, న్యాయం మూడింటినీ ఎవరు పొందిక చేయగలరో వారే నడపాలి. ఆ పొందిక కుదరని చోట ఎంత పెద్ద డాక్టరు ఉన్నా, ఎంత పేరున్న లాయరు ఉన్నా ఆ మనిషికి మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

చదువు సంగతికి ఒక సాక్ష్యం. హింసలు అనుభవించి వచ్చిన శరణార్థులకు వైద్యం చేసే సంస్థను 1985లో లండన్‌లో స్థాపించిన హెలెన్ బాంబర్ డాక్టరూ కాదు, లాయరూ కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లో, ఇరవయ్యేళ్ల వయసులో, బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ శిబిరంలో బతికి బయటపడినవారికి సాయం చేయడానికి వెళ్లారు. అక్కడ ఆమె ఎక్కువగా చేసిన పని వాళ్ల పక్కన కూర్చుని వినడం. తర్వాత డాక్టర్లూ మానసిక నిపుణులూ ఆమె నడిపిన సంస్థలో పనిచేశారు, వాళ్లు రాసిన నివేదికలు ఆశ్రయం కేసుల్లో సాక్ష్యాలుగా నిలిచాయి.

ఒక్కసారి చెప్పడం మీద నేను ఇంత పట్టు ఎందుకు పడుతున్నానో చెప్పాలి. మామూలుగా జరిగేది ఇది. మనిషి వచ్చిన రోజు నమోదు బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడు "ఎందుకు వచ్చారు?" అని అడుగుతాడు. దుప్పట్లు పంచే వ్యక్తి సానుభూతితో అడుగుతారు. గాయం కడుగుతూ నర్సు అడుగుతుంది. ఆ తర్వాత కౌన్సెలర్, ఆ తర్వాత లాయరు. అందరూ ఏదో ఒక కాగితం మీద రాసుకుంటారు. చివరికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్, ఇంటర్వ్యూ చేస్తుంది. కేసు నిలిచేదీ పోయేదీ అక్కడే. చేతిలో పత్రాలు లేనివారికి నోటిమాటే సాక్ష్యం కాబట్టి, ఆ మాట ఎక్కడ చెప్పినా ఒకటిగా ఉందా లేదా అన్నది చూస్తారు.

నేను చూసిన ఒక మహిళ ఫైలులో, తనను మూడు రోజులు బంధించారని ఆమె చెప్పినట్టు నర్సు చీటీలో ఉంది. లాయరు తీసుకున్న వాంగ్మూలంలో అయిదు రోజులు. రెండూ నిజమే. మూడు రోజులు ఒక గోదాములో, రెండు రోజులు ఒక ఇంట్లో ఉంచారు. నర్సు అడిగింది చేతి మీది కాలిన గాయం గురించి, అది గోదాములో జరిగింది, కాబట్టి ఆమె గోదాము లెక్కే చెప్పింది. ఈ చిన్న తేడాను సరిచేయడానికి మేము అదనపు వాంగ్మూలం వేయవలసి వచ్చింది, కేసు నెలల తరబడి వెనక్కి పోయింది. మంచి జట్టులో ఆ నర్సుకు ముందే ఒక మాట చెప్పి ఉండేవారు: చికిత్సకు అవసరమైనంతవరకే అడగండి, రాసేటప్పుడు "రోగి చెప్పిన మేరకు" అని రాయండి, రోజులూ పేర్లూ మీకు అక్కర్లేదు.

అందుకే మొదటి రోజు కథ జోలికి ఎవరూ వెళ్లకూడదు. నీళ్లు, అన్నం, నిద్ర, స్నానానికి తలుపున్న గది. అడగవలసినవి మూడే: ఈ క్షణాన ఎవరివల్లనైనా ప్రమాదం ఉందా, రోజూ వేసుకునే మందులు ఏవైనా ఆగిపోయాయా, దారిలో పిల్లలో ఇంటివాళ్లో విడిపోయారా. కథ వినేవాళ్లు తర్వాత వస్తారు, ఒకరే వస్తారు. ఒకే దుబాసీతో, తీరిగ్గా, ఎన్ని విడతలైనా సరే. ఆ కాగితం ఎవరికి చూపవచ్చో నిర్ణయించేది ఆ మనిషే.

దుబాసీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇక్కడే ఎక్కువ కేసులు చెడిపోతాయి. భర్త ద్వారా భార్య మాట వినకండి, తండ్రి ద్వారా కూతురి మాట వినకండి. అదే దేశంవాడు దొరికాడు కదా అని సంబరపడకండి. అతడు ఏ తెగవాడో, ఏ పక్షంవాడో, అతడి బావమరిది ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో మీకు తెలియదు, ఎదుట కూర్చున్న మనిషికి మాత్రం యాస విన్న మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. ఇక ఆమె నోరు తెరవదు. దుబాసీని ముందు బయట కూర్చోబెట్టి, "ఈయన ఫలానా ప్రాంతంవారు, మీకు అభ్యంతరమా?" అని తెలిసిన నాలుగు ముక్కల్లోనైనా అడగాలి. వద్దంటే ఎందుకని అడగకుండా మార్చాలి.

తేదీల గొడవ ఇంకొకటి. అఫ్గానిస్థాన్ నుంచి వచ్చినవారు 1399 అంటే అది వాళ్ల సౌరమాన లెక్క, మన లెక్కలో 2020 మార్చి నుంచి 2021 మార్చి దాకా. తొందరలో దాన్ని 2020 అని రాసేస్తే, శీతాకాలంలో జరిగిన సంఘటన ఒక ఏడాది వెనక్కి పోతుంది. చదువు లేనివారికైతే తేదీలే ఉండవు. దీనికి మన డెల్టా మనిషికి వేరే శిక్షణ అక్కర్లేదనిపిస్తుంది నాకు. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో ఒక పెద్దావిడను మీ అమ్మాయి ఎప్పుడు పుట్టిందని అడిగి చూడండి. "పెద్ద తుపాను ముందు సంక్రాంతికి కడుపుతో ఉన్నాను" అంటుంది. అది 1996 నవంబరు 6 నాటి తుపాను అని మీకు తెలుసు కాబట్టి లెక్క కట్టేస్తారు. లేదా "పుష్కరాలకు చంకన ఉంది" అంటుంది, 1991వా 2003వా అన్నది ఇంకో ప్రశ్నతో తేలిపోతుంది. శరణార్థితోనూ ఇదే పద్ధతి. వాళ్ల ఊరి కోతలు, పండుగలు, వాన, బడి సెలవులు ముందు తెలుసుకుని, సంఘటనలను వాటికి ముడివేసి, ఆ తర్వాత తేదీ రాయాలి. ఊహించి తేదీ వేయడం కన్నా "వరి కోతలు అయిన రెండు వారాలకు" అని ఉంచేయడమే నయం.

వైద్యం. మీ స్నేహితురాలు ఇది శ్రద్ధగా చదవాలి. హింసకు గురైనవారి గాయాలను ఎలా పరీక్షించి ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శిని ఇస్తాంబుల్ ప్రోటోకాల్. 1999లో వచ్చింది, 2022లో సవరించారు. అందులో గాయానికీ, మనిషి చెప్పే కారణానికీ ఉన్న పొత్తును అయిదు మెట్లలో రాయమంటారు: పొసగడం లేదు; పొసగుతుంది, కాని వేరే కారణాలూ చాలా ఉండవచ్చు; బాగా పొసగుతుంది, వేరే కారణాలు తక్కువ; ఇలాంటి దెబ్బకు సాధారణంగా కనిపించే గుర్తే; మరో కారణం ఉండే వీలే లేదు. జాలిపడి చివరి మెట్టు ఎక్కేసే డాక్టర్లు ఉంటారు. వీపు మీద మచ్చలు చూసి "ఇవి నిస్సందేహంగా చిత్రహింస గుర్తులు" అని రాసిన ఒక నివేదిక నా చేతికి వచ్చింది. కొలతలు లేవు, బొమ్మ లేదు, స్కేలు పక్కన పెట్టి తీసిన ఫోటో లేదు. అలాంటి కాగితాన్ని అధికారి పక్కన పెట్టేస్తారు. మరో డాక్టరు అదే వీపును మళ్లీ చూసి, మచ్చల పొడవు, అంచులు, రంగు, దిశ రాసి, చిన్నప్పుడు పశువుల కొట్టంలో పడి తగిలిన మచ్చ ఒకటి ఇందులో ఉందని రోగే చెప్పాడని కూడా రాసి, మిగిలినవి "బాగా పొసగుతున్నాయి" అని ముగించారు. తనకు అనుకూలం కానిది కూడా చెప్పిన మనిషి కాబట్టి మిగతా మాటలకు బలం వచ్చింది. కేసు నిలిచింది.

కాకినాడ పెద్దాసుపత్రి లాంటి చోట నర్సుకు ఈ చూపు అలవాటు చేసుకోవడానికి కావలసినంత అవకాశం ఉంది. మెడికో-లీగల్ కేసులు, అంటే పోలీసు విచారణతో ముడిపడిన గాయాల కేసులు, రోజూ వస్తాయి. డాక్టరు గాయాల వివరాలు రాస్తున్నప్పుడు పక్కన నిలబడి, ఏ మాట ఎందుకు వాడుతున్నారో గమనించమనండి.

శిబిరంలో ప్రాణాలు కాపాడే వైద్యం మాత్రం ఇంత సూక్ష్మమైన వ్యవహారం కాదు. 1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి సుమారు కోటిమంది మన దేశంలోకి వచ్చినప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కొలతలతో నీళ్లలో కలిపించి డ్రమ్ముల్లో పోయించారు. రోగి పక్కనున్న తల్లికో అన్నకో గ్లాసు ఇచ్చి, పట్టిస్తూ ఉండమన్నారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకు దిగాయి. నోటి ద్వారా ఇచ్చే ఆ ద్రావణం శిబిరాల్లో అంతవరకు అలా వాడింది కాదు, ఇంటివాళ్ల చేత పట్టించవచ్చని పెద్దలు ఒప్పుకున్నదీ కాదు. ఈ రోజు లంక గ్రామంలో వరద వస్తే ఆశా కార్యకర్త సంచిలో ముందు ఉండేది ఆ ఓఆర్ఎస్ పొట్లమే.

శరణార్థులే తమవారిని నడిపించుకున్న ఉదాహరణ కావాలంటే చెన్నై చూడండి. శ్రీలంక తమిళ శరణార్థుల కోసం 1984లో ఎస్.సి. చంద్రహాసన్ స్థాపించిన ఆఫర్ సంస్థ, శిబిరాల్లోని యువతీయువకులనే ఆరోగ్య కార్యకర్తలుగా, ఉపాధ్యాయులుగా తయారు చేసింది. ఆయన కూడా శరణార్థే. బయటి నుంచి వెళ్లిన మనలాంటివాళ్లకు ఏళ్లు పట్టే నమ్మకం అక్కడ మొదటి రోజే ఉంటుంది.

ఇప్పుడు మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన హెచ్చరిక. కోనసీమలో, నరసాపురం వైపు గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి అరుదు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపనికి వెళ్లిన ఆడపడుచు కష్టంలో ఉందని తెలిస్తే మనం ముందు చేసేది మన రాయబార కార్యాలయానికి ఫోను చేయడం, ఫోటో పంపడం, వీడియో పెట్టి అందరికీ తెలిసేలా చేయడం. అది సరైన పని, ఎంతోమంది అలాగే ఇల్లు చేరారు. ఆశ్రయం కోరేవారి విషయంలో ఈ మూడూ చేయకూడదు. వాళ్లు పారిపోయింది తమ ప్రభుత్వం నుంచే కావచ్చు. వాళ్ల రాయబార కార్యాలయానికి పేరు చేరితే ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల తలుపు తడతారు. జైల్లో ఉన్న విదేశీయుడి గురించి వాళ్ల దేశానికి తెలియజేసే ఆనవాయితీ ఉంటుంది కాబట్టి, అతడు ఆశ్రయం కోరుతున్నాడని, అతడి అనుమతి లేకుండా రాయబారులకు చెప్పవద్దని లాయరు మొదటి దరఖాస్తులోనే రాసి ఇవ్వాలి. దుప్పటి అందుకుంటున్న ఫోటో వాట్సాప్‌లో పెట్టే దాత దగ్గర, ఎంత పెద్ద చందా ఇచ్చినా, మర్యాదగా ఫోను లోపల పెట్టించాలి. జట్టు నడిపేవారికి మొహమాటం ఉండకూడదు.

న్యాయం సంగతికి వస్తే, మన దేశంలో పరిస్థితి ఉన్నదున్నట్టు తెలుసుకోండి. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ భారతదేశం సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం లేదు. టిబెటన్లను, శ్రీలంక తమిళులను ప్రభుత్వమే చూసుకుంటుంది, అఫ్గానిస్థాన్, మయన్మార్ లాంటి దేశాల నుంచి వచ్చినవారిని ఢిల్లీలో యూఎన్‌హెచ్‌సీఆర్ నమోదు చేసుకుంటుంది. ఆ సంస్థ ఇచ్చే కార్డు వీసా కాదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టం ప్రకారం సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి రావడానికి 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. విదేశీయుడికి బస ఇచ్చినవారు ఆ వివరాలు అధికారులకు తెలియజేయాలి, చేర్చుకుని వైద్యం చేసే ఆసుపత్రులకూ ఆ బాధ్యత ఉంది. కాబట్టి జాలితో మీ మేడమీద గదిలో దాచిపెడితే అతడి కేసూ పోతుంది, మీ మీదా కేసు వస్తుంది. దాచడం న్యాయసాయం అనిపించుకోదు.

అలాగని చేతులు కట్టేసినట్టు కాదు. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణం పౌరులకు మాత్రమే కాదు, ప్రతి వ్యక్తికీ వర్తిస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా శరణార్థుల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆ రక్షణను వారికి అందించింది. 2021లో మయన్మార్‌లో సైనిక కుట్ర జరిగాక మణిపుర్‌లోకి వచ్చిన ఏడుగురి కోసం న్యాయవాది నందితా హక్సర్ తానే పిటిషనరుగా హైకోర్టుకు వెళ్లారు. వాళ్లు ఢిల్లీ చేరి యూఎన్‌హెచ్‌సీఆర్‌ను కలుసుకోవడానికి భద్రమైన దారి ఇవ్వమని కోర్టు ఆదేశించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో జమ్ములోని రోహింగ్యాల కేసులో సుప్రీంకోర్టు పంపివేతను ఆపడానికి ఒప్పుకోలేదు, చట్టం చెప్పిన పద్ధతి పాటించకుండా పంపకూడదని మాత్రం అంది. మణిపుర్, జమ్ము తీర్పులు రెండూ చదవండి. మొదటిదే చదివి "మీకేం భయం లేదు" అని ఎవరికీ మాట ఇవ్వకండి.

కోనసీమలో ఉంటూ సిద్ధం కావడం గురించి. ఇక్కడ శరణార్థులెవరున్నారని మీ ఇంట్లో అడుగుతారు, అడగనివ్వండి. 1942లో జపాన్ సేనలు బర్మా మీద పడినప్పుడు రంగం (రంగూన్) నుంచి అరకాన్ కొండల మీదుగా, మణిపుర్ మీదుగా నడిచి వచ్చినవారిలో మన తీరంవాళ్లు ఎంతోమంది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి వలసలు ఎంతగా సాగాయంటే బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. కాబట్టి ఇది మనకు బొత్తిగా పరాయి విషయమేమీ కాదు.

ఈ రోజు మీకు మొదట ఎదురయ్యే అవకాశం ఉన్నది సరిహద్దు దాటి వచ్చినవాడు కాకపోవచ్చు. ఇక్కడి కాలేజీల్లో చదువుకోవడానికి సక్రమంగా వచ్చి, మధ్యలో తన దేశం తగలబడిపోయిన విదేశీ విద్యార్థి కావచ్చు. వచ్చినప్పుడు శరణార్థి కాదు, తిరిగి వెళ్లలేని స్థితిలో అయ్యాడు. అంతర్జాతీయ శరణార్థి న్యాయం ఇలాంటివారినీ గుర్తిస్తుంది. ఇలాంటి కుర్రవాడు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదట చూసినది అతడి వీసా గడువు. గడువు ముగియకముందే పొడిగింపు దరఖాస్తు పడాలి. జిల్లాలో విదేశీయుల నమోదు అధికారి ఎస్పీయే, కాబట్టి కాలేజీ లేఖతో అక్కడికి, ఆ తర్వాతే మిగతావి. గడువు దాటాక వచ్చిన కేసుకూ, రెండు వారాలు ముందు వచ్చిన కేసుకూ మధ్య చాలా పెద్ద తేడా ఉంటుంది. మీ చుట్టుపక్కల కాలేజీల్లో ఈ ఒక్క ముక్క చెప్పి రాగలిగినా మేలే.

పట్టా రాకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీరుగా చేరండి. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయసాయం ఉంది. అక్కడ "ప్రతి వ్యక్తి" అనే ఉంది, పౌరుడు అని లేదు. ఆ సాయం కోసం పిలిచే నంబరు 15100. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చిన మహిళల వాంగ్మూలాలు రాయడం నేర్చుకోండి. వినే ఓపిక, ఏడుపు వచ్చినప్పుడు ప్రశ్న ఆపడం, జీతం ఎప్పుడు ఆగిందో రంజాను నెలను బట్టి లెక్క తీయడం, అన్నీ అక్కడే వస్తాయి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు షెల్టరులో ఒక రాత్రి పనిచేయండి. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి అని, విపత్తు సాయానికి అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో ఉంటుంది. ఆ మరుగుదొడ్డికి లోపల గడియ, బయట దీపం లేకపోతే ఆడవాళ్లు తెల్లవార్లూ నీళ్లు తాగకుండా కూర్చుంటారన్నది అక్కడికి వెళితేనే తెలుస్తుంది. భాషల్లో ఉర్దూ గానీ తమిళం గానీ ఒకటి గట్టిగా పట్టండి.

సొంతంగా సంస్థ పెట్టాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు. విదేశీ విరాళాల చట్టం 2020 సవరణ తర్వాత బాగా బిగిసింది. ఒక సంస్థ తెచ్చిన విదేశీ డబ్బును మరో సంస్థకు ఇవ్వడానికే వీల్లేదు, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. లాయరు జీతం అందులో దేని కింద చూపాలన్నదే ఒక తలనొప్పి.

బతుకుతెరువు మాట. మొదటి రెండు మూడేళ్లు ఢిల్లీలో గది అద్దె పోగా ఇంటికి పంపేంత మిగలదు. నాకు తెలిసిన జూనియర్లు కొందరు సగం రోజులు మామూలు ప్రాక్టీసు, సగం రోజులు ఈ పని చేసుకుని నిలదొక్కుకున్నారు. ఢిల్లీలో మైగ్రేషన్ అండ్ అసైలమ్ ప్రాజెక్ట్ లాంటి న్యాయసాయ సంస్థల్లో ఇంటర్న్‌గా ముందు కొన్ని నెలలు ఉండి చూడండి. మీ స్నేహితురాలు ఉద్యోగం మానేసి మీతో రావలసిన పని లేదు. ప్రభుత్వ కొలువు అయితే అసలు వదలవద్దు. మెడికో-లీగల్ రికార్డులు చదవడం వచ్చిన నర్సు ఆసుపత్రిలో ఉంటూనే సెలవుల్లో మీ ఫైళ్లు చూసిపెడితే, గాయం చీటీకీ వాంగ్మూలానికీ పొసగనిచోట ఇంటర్వ్యూకు ముందే ఎర్ర గీత పెడుతుంది. మూడు రోజులు, అయిదు రోజుల తేడా లాంటివి ఆమె కళ్లకే ముందు దొరుకుతాయి.